పాసైన చదువు, చేరిన చదువు

మా మాస్టారి పేరిట ఈ సభలో మాట్లాడమనడం నాకు పెద్ద గౌరవం. ఆయన విద్వత్తు గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నది ఆయన పెన్సిల్. బ్లేడుతో ముల్లు చెక్కి ఇచ్చి, గ్రాఫ్ కాగితం మీద జరిగినదాన్ని నిండు గీతగా, జరగబోయేదాన్ని చుక్కల గీతగా గీయించేవారు. రెండూ కలిసేచోట వేలు పెట్టి, "ఈ అంకె ఎక్కణ్ణుంచి తెచ్చావురా?" అనేవారు. ఇవాళ నేను అడిగేదీ అదే.

భారత్, చైనాల చదువులు 2050కి, 2100కి ఎలా ఉంటాయో చెప్పే అంచనాలు మీకు తెలిసినవే. వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లోని ఐఐఏఎస్ఏ అనే పరిశోధన సంస్థలో వోల్ఫ్‌గాంగ్ లుట్జ్, సమీర్ కేసీ బృందం వాటిని వయసు, లింగం, చదువుల వారీగా కట్టింది. పద్ధతి సబబైనదే. దాదాపు పాతికేళ్ల నాటికి వచ్చిన చదువుతోనే మనిషి ముసలివాడవుతాడు. కాబట్టి 2060 నాటి అరవై ఏళ్లవాళ్ల చదువు ఇప్పటి పాతికేళ్లవాళ్లలో కనిపిస్తూనే ఉంది. చైనా ముందుందన్నదీ వివాదం కాదు. ఆర్థిక సంస్కరణలకు ముందే అక్కడ పల్లెలకు బడి చేరిందని, తర్వాతి వృద్ధికి అది ఊతమైందని ఆర్థికవేత్తలు ద్రెజ్, అమర్త్య సేన్ 1995లోనే రాశారు. ఒప్పుకుంటాను.

మనకూ చైనాకూ మధ్య దూరం ఇన్నేళ్లని తేల్చిచెప్పడం దగ్గరే నా పేచీ, ఎన్నో ఏళ్లుగా.

మొదట చిన్నది. 2020 జనగణనలో చైనా నిరక్షరాస్యత 2.67 శాతమన్నారు. 15 ఏళ్లు నిండిన నిరక్షరాస్యులు 3.775 కోట్లు. ఆ సంఖ్యను పసిపిల్లలతో సహా 141 కోట్ల జనాభాతో భాగించారు. 15 నిండినవారితోనే భాగిస్తే 3.26 వస్తుంది. మనం 1991 నుంచి ఏడేళ్లు నిండినవారితో భాగిస్తున్నాం. 2011 నాటి 73 శాతం అక్షరాస్యత అలా వచ్చిందే. దీన్ని దిద్దుకోవచ్చు.

దిద్దడం కష్టమైనది చదువు స్థాయి. చైనా గణకులు ఒక స్థాయిలో పాసైనవారిని, మధ్యలో మానేసినవారిని, ఇంకా చదువుతున్నవారిని కలిపి ఆ స్థాయి చదువున్నవారిగానే ప్రకటిస్తారు. మన ఎన్యూమరేటర్లకు 2011లో ఇచ్చిన సూచన వేరు: చివరగా ఏది పాసయ్యారో అదే రాయాలి. మన ఊళ్లో "టెన్త్ ఫెయిలండీ" అన్న కుర్రవాడు మిడిల్ స్కూలు లెక్కలో పడతాడు. ఇంటర్ రెండో ఏడు మానేసిన పిల్ల టెన్త్ లెక్కలో పడుతుంది. వాళ్లిద్దరూ చైనాలో పుట్టివుంటే ఒక మెట్టు పైన ఉండేవారు.

దీనికి రెండు జవాబులు వింటూ వచ్చాను. అంతర్జాతీయ వర్గీకరణతో అన్నీ సరిచేశామన్నది ఒకటి. 2014లో వచ్చిన లుట్జ్ బృందం గ్రంథంలోని ఆరు తరగతులు చూడండి. 'అసంపూర్తి' అన్న గది ప్రాథమిక స్థాయికి మాత్రమే ఉంది. ఆ పైన మానేసినవారు ఏదో ఒక మెట్టు మీద నిలబడాల్సిందే. ఏ మెట్టన్నది ఆయా దేశాల జనగణన మీద ఆధారపడుతుంది. పాతికేళ్లు దాటాక చదువుతూ ఉండేవారెందరు, తేడా ఎంత అన్నది రెండో జవాబు. ముసలివాళ్ల విషయంలో నిజమే. కానీ చుక్కల గీత ఏటవాలును నిర్ణయించేది పదిహేను, ఇరవై ఏళ్లవాళ్లు. చదువుతున్నవారు ఉండేదీ, మానేసేదీ అక్కడే.

ఇది చాదస్తమనుకోకండి. ఆర్థికవేత్తలు బారో, లీ కట్టిన పట్టికల్లాంటి దేశాలవారీ లెక్కల్లోని పొరపాట్లు, చదువుకీ వృద్ధికీ ఉన్న సంబంధాన్నే తారుమారు చేస్తాయని క్రూగర్, లిండాల్ 2001లో హెచ్చరించారు. ధనిక దేశాల లెక్కల్లోనే నమ్మలేని గెంతులున్నాయని డి లా ఫ్యుయెంటె, డొమెనెక్ 2006లో చూపారు.

పైగా 'పాస్' అన్న మాటే మన దగ్గర నిలకడగా లేదు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఎనిమిది దాకా ఎవరినీ ఆపకూడదన్నారు. 2019లో సవరించి, ఐదులో, ఎనిమిదిలో ఆపే వీలు రాష్ట్రాలకిచ్చారు. 1980లో ఎనిమిది పాసైనవాడూ 2015లో పాసైనవాడూ లెక్కలో ఒకే వరసలో పడతారు.

అందుకే మూడేళ్లుగా పల్లె బడుల పాత అడ్మిషన్ రిజిస్టర్లు నకలు రాసుకుంటున్నాను. ఏ తరగతిలో చేరారు, ఏది పాసయ్యారు, ఎప్పుడు టీసీ తీసుకున్నారు, మూడూ ఒకే వరసలో దొరికే కాగితం అదొక్కటే. మొన్న ఒక పేజీలో ఒక అమ్మాయి పేరు ఎదురుగా 'దీర్ఘకాలం గైర్హాజరు, పేరు తొలగించడమైనది' అని ఎర్ర సిరాతో ఉంది. రెండేళ్ల తర్వాత అదే పేరు, అదే తండ్రి పేరు, మళ్లీ అదే తరగతిలో. ఆ పిల్ల తిరిగి వచ్చింది. ఏ జనగణన పట్టికలోనూ ఆ రాక కనిపించదు.

కొత్త జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. పాసైనదానితోపాటు చివరగా చేరిన తరగతి కూడా అడగాలని నా విన్నపం. సభలో ప్రధానోపాధ్యాయులు చాలామంది కనిపిస్తున్నారు. మీ బీరువాల్లోని పాత రిజిస్టర్లకు చెదలు పట్టకముందే ఒక్క కబురు పెట్టండి. బస్సెక్కి నేనే వస్తాను.