పాలంపేటలో ఒక రోజంతా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా ఇంజనీరింగ్ విషయం అందరికీ అర్థమయ్యేలా, అదీ పదిహేను నిమిషాల్లో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఇంజనీర్లకు ఈ మూడూ ఒకేసారి కుదరడం కష్టమని మన లెక్కల సారుకు బాగా తెలుసు. అందుకే మీకు తెలిసిన ఊరినే ఎంచుకున్నాను. అది ములుగు జిల్లా పాలంపేట. వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు.

రామప్ప గుడి చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఈ సభలో చాలా చేతులు లేస్తాయి. రామప్ప చెరువు కట్ట మీద నడిచినవాళ్లు అంటే సగం దిగిపోతాయి. పాలంపేట ఊళ్లోకి వెళ్లి అక్కడివాళ్లతో పది నిమిషాలు మాట్లాడినవాళ్లు అంటే ఎన్ని మిగులుతాయో మీరే ఊహించండి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

ముందు గుడి. కాకతీయ గణపతిదేవుని కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించాడని అక్కడి శాసనం చెబుతోంది. గణపతిదేవుడు దేవగిరి యాదవుల చేతిలో బందీగా ఉన్నప్పుడు రాజ్యం చెదరకుండా కాపాడి, తిరిగి ఆయనకే అప్పగించిన రుద్రుడు ఇతడే. దేవుడు రుద్రేశ్వరుడు. జనం మాత్రం దాన్ని కట్టిన శిల్పి పేరని చెప్పుకుంటూ రామప్ప గుడి అంటారు. కట్టించినవాడి పేరు శాసనంలో ఉంది, కట్టినవాడి పేరు జనం నోట నిలిచింది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

శిల్పాల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడున్నారు. నల్లరాతి మదనికల గురించి మన తెలుగు సారు ఒక పీరియడ్ అంతా చెప్పగలరు. నేను కంటికి కనిపించని రెండింటి గురించి చెబుతాను.

మొదటిది పునాది. గుడి ఇసుక నింపిన గుంత మీద నిలిచింది. ఇసుక మీద ఇల్లు కడితే నిలుస్తుందా అని పిల్లలు అడుగుతారు. ఇసుక కుప్ప మీద కాలు పెడితే దిగబడుతుంది. అదే ఇసుకను డబ్బాలో నింపి గట్టిగా కూరి, దాని మీద నిలబడండి, దిగబడదు. పక్కలకు జారే వీలు లేకుండా బిగించిన ఇసుక బరువును సమంగా పంచుతుంది, భూమి కదిలినప్పుడు ఆ అదురును కొంత తనలో ఇముడ్చుకుంటుంది. గుడి లోపల నేల అక్కడక్కడ ఎగుడుదిగుడైంది, కొన్ని రాళ్లు పక్కకు జరిగాయి. అయినా ఎనిమిది వందల ఏళ్లు దాటి కట్టడం నిలిచే ఉంది.

రెండోది శిఖరం. దాన్ని నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారు. మామూలు ఇటుక నీటికంటే దాదాపు రెండింతలు బరువు. ఈ ఇటుకల నిండా సన్నని ఖాళీలు ఉంటాయి కాబట్టి నీటికంటే తేలిక. పైన బరువు తగ్గితే కింది స్తంభాల మీద, పునాది మీద భారం తగ్గుతుంది. పునాది వేసేనాటికే శిఖరం బరువును లెక్కలోకి తీసుకున్నారన్నమాట. మా వృత్తిలో ఇప్పటికీ అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

ఇక చెరువు. గుడికి కిలోమీటరు దూరంలోనే ఉంది. గుట్టల మధ్య ఖాళీని మట్టికట్టతో మూసి వాన నీటిని నిలిపారు. గుడి కట్టించిన రుద్రుడే చెరువునూ తవ్వించాడు. కట్ట, తూము, మత్తడి అనే మూడు భాగాలు కలిస్తేనే చెరువు. కట్ట నీటిని ఆపుతుంది, తూము పొలానికి ఇస్తుంది, మత్తడి ఎక్కువైన నీటిని బయటికి పంపి కట్టను కాపాడుతుంది. మత్తడి లెక్క తప్పితే మట్టికట్ట ఒక్క వానకే తెగుతుంది. ఈ కాలంలో దేవాదుల ఎత్తిపోతల పథకం రూపొందించినవాళ్లు కూడా గోదావరి నీళ్లు నిలపడానికి ఈ పాత చెరువునే వాడుకున్నారు. గుడిని చూడటానికి వెళ్తాం, చెరువు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

పోయినసారి కట్ట మీద ఒక పెద్దాయన కలిశాడు. "అందరు గుడి సూసి పోతరు సారూ. చెరువు సంగతి ఎవ్వరు అడగరు" అన్నాడు. తూము ఎప్పుడు తెరుస్తారో, ఏ కాలువ ఎటు పోతుందో, చివరి మడికి నీళ్లు అందాలంటే ఎవరు ఎవరికి ముందు వదలాలో అరగంట చెప్పాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన తరం తర్వాత ఎవరికి తెలుస్తుందో కూడా తెలియదు.

మూడోది ఊరు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం. ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా అనుమతి కావాలి. వారసత్వం కాపాడాలంటే ఈ చట్టం ఉండాల్సిందే. కానీ దాని బరువు మోసేది ఆ చుట్టుపక్కల ఇల్లూ జాగా ఉన్నవాళ్లు. మనం హనుమకొండలో టిఫిన్ చేసి, డబ్బాల్లో అన్నం తీసుకుని పోయి, గంటలో ఫొటోలు దిగి తిరిగొస్తాం. ఊరికి మిగిలేది పార్కింగ్ దుమ్ము. ఇలాగైతే ఆ గుడిని తమదిగా కాపాడుకోవాలని అక్కడి పిల్లలకు ఎందుకు అనిపించాలి?

ఇప్పుడు అసలు విషయం. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత తోరణం కట్టి, దాతల పేర్లు చెక్కిద్దామని ప్రతిపాదన ఉంది. ప్రతిపాదించినవాళ్లు నా మిత్రులే, వాళ్ల ప్రేమను శంకించను. అయినా నా మాట వేరు. ఆ డబ్బులో సగం బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఏటా మన తొమ్మిదో తరగతి పిల్లల్ని పాలంపేటకు ఒక రోజంతా తీసుకెళ్దాం.

పొద్దున కట్ట మీద నడక. పిల్లలు అడుగులతో కట్ట పొడవు కొలవాలి. మత్తడి బొమ్మ గీయాలి. ఒక రైతును అడిగి ఆయకట్టు సంగతి రాసుకోవాలి. తర్వాత గుడి. మధ్యాహ్నం ఊళ్లో వండించిన అన్నమే తిని, సరైన ధర ఇవ్వాలి. సాయంత్రం దగ్గర్లోని గణపురం కోటగుళ్లు. ప్రహరీ లోపల ఇరవై రెండు గుళ్ల సముదాయం అది. ఏనుగు మీద నిలిచిన గజకేసరి శిల్పాలు అక్కడి ప్రత్యేకత. ప్రపంచ గుర్తింపు వచ్చిన గుడికీ రాని గుళ్లకీ తేడా ఏమిటో పిల్లలే చూసి చెప్పాలి. వాళ్లు రాసుకొచ్చిన నోటు పుస్తకాలు మన లైబ్రరీలో దాచాలి. పదేళ్లలో అవి పాలంపేట చెరువు మీద ఎక్కడా దొరకని రికార్డు అవుతాయి.

తోరణం మీద మన పేర్లు ఉంటాయి, నిజమే. కానీ తూము ఎలా పనిచేస్తుందో తెలిసిన పిల్లలు ఏటా నలభై మంది ఈ బడి నుంచి బయటికి వస్తే, అది అంతకంటే గట్టి కట్టడమని నా నమ్మకం. రేపటి సర్వసభ్య సమావేశంలో దీన్ని ఓటుకు పెట్టమని కోరుతున్నాను. ఒప్పుకుంటే మొదటి బస్సు ఖర్చు నాది. గురువులెవరైనా వస్తామంటే ముందు సీటు వారిదే.