ఒకే దస్తర్‌ఖాన్ మీద
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ విరాళాలతో ఏటా ఇచ్చే ఇఫ్తార్ విందుకు ఇరుగుపొరుగు క్రైస్తవ కుటుంబాలనూ పిలుస్తున్నాం. పోయినేడు ఒక పెద్దాయన ప్లేటు ముందు కూర్చుని, "బాబూ, దీని మీద ఫాతెహా చదివారా?" అని మెల్లగా అడిగారు. వడ్డించే కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. పిలిచి పెడితే ఈ ఆరా ఏమిటని మా కమిటీలోనూ కొందరికి కోపం వచ్చింది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని తర్వాత మేము కూర్చుని కొత్త నిబంధన చదివాం. ఆ సంగతే మీ ముందు పెడుతున్నాం.

కొరింథు గ్రీకు పట్టణం. అక్కడి అంగట్లో అమ్మే మాంసంలో గుళ్లలో బలి ఇచ్చినదీ కలిసేది. ఏది కొనాలో, ఎవరింట తినాలో కొత్తగా క్రైస్తవులైనవారికి తోచలేదు. వారికి రాసిన మొదటి పత్రికలో, 8, 10 అధ్యాయాల్లో పౌలు దీనికి జవాబిచ్చారు. అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా కొనుక్కోవచ్చు. విశ్వాసి కానివారు భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టింది తినవచ్చు. అయితే ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవారి మనస్సాక్షి కోసం ఆగాలి. తన తిండి వల్ల సోదరుడు తడబడేట్టయితే అసలు మాంసమే ముట్టనని కూడా ఆయన అన్నారు.

అంటే ఆ పెద్దాయన మన అన్నాన్ని తక్కువ చేయలేదు. నిజానికి పౌలు మాట ప్రకారం ఆయన అడగనక్కర్లేదు కూడా. అడిగారంటే మనసులో ఏదో గుచ్చుకుని ఉండాలి. పొరుగింటివారు ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టినప్పుడు మనం ఎంత ఇబ్బంది పడతామో గుర్తు చేసుకోండి.

కలిసి తినడం మీద తొలి క్రైస్తవుల్లోనే తగాదా జరిగింది. అంతియొకయలో పేతురు యూదేతర విశ్వాసులతో కలిసి తినేవారు. యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే జంకి పక్కకు జరిగారు. పౌలు అందరి ముందే నిలదీశారు. బంధువులు చూస్తారేమోనని పంక్తి మారడం మనకూ కొత్త కాదు లెండి.

యెరూషలేము పెద్దలు పంపిన ఉత్తరం అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు నులిమి చంపినది మానమని అందులో ఉంది. అది చదవగానే మాలో ఒకరు మాయిదా సూరా 3వ ఆయతు తీశారు. అక్కడా ఈ మూడూ నిషిద్ధమే. అదే సూరా 5వ ఆయతు గ్రంథవహుల ఆహారం మనకు, మన ఆహారం వారికి హలాల్ అంటోంది. పందిమాంసం, మద్యం ఎవరింటైనా హరామే, అది వేరే మాట. మాయిదా అంటేనే భోజనం వడ్డించిన బల్ల.

డిసెంబరులో ఆ పెద్దాయన ఇంటి నుంచి కేకు వచ్చింది. డబ్బా మీద చీటీ అంటించి ఉంది: "ఇందులో రమ్ము వేయలేదు."

ఫాతెహా గురించి మనలోనే భిన్నాభిప్రాయాలున్నాయి, ఇక్కడ ఆ చర్చ వద్దు. ఈ ఏడు నియాజ్ వంటను వేరే డేగ్‌లో వండించాం, ఇఫ్తార్ వంటతో కలపలేదు. పిలుపు కార్డులోనే ఆ మాట రాశాం. "మన విందులో మనమే తగ్గాలా?" అని మీలో ఒకరు అడిగారు. మేము తగ్గామనుకోలేదు. పెద్దాయన ఈసారి మనవళ్లతో వచ్చి, హలీమ్ మళ్లీ అడిగి వేయించుకున్నారు. ఆ రెండో డేగ్ ఖర్చును జమాఖర్చుల పట్టికలో విడిగా చూపించాం, దయచేసి చూడండి.