రెండు లోపములు – ఒకే మూలము

(ఢిల్లీ జనక్‌పురిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



సొసైటీ అప్పుతోనో, భవిష్యనిధి నుండి తీసిన సొమ్ముతోనో పాత కారు కొనుక్కున్నవారు మనలో పలువురు కలరు. అట్టి కారుకు ఒకనాడు హఠాత్తుగా స్టీరింగు బరువెక్కును. అదే సమయమున స్పీడోమీటరు ముల్లు సున్న వద్ద నిలిచిపోవును. "స్టీరింగు మార్చవలెను, మీటరు కూడ మార్చవలెను" అన్న మాట వినగానే నెల జీతము కండ్ల ముందు కరిగిపోవును. డబ్బు తీయుటకు ముందు ఒక ప్రశ్న వేసికొందము: ఈ రెండును ఒకేసారి ఎందుకు చెడినవి?

మెయిలు సంచి రాకపోయినచో రెండు బీట్లలోను ఉత్తరములు అందవు. అది ఇద్దరు పోస్టుమన్ల తప్పు కాదు. స్టేషనులో సిగ్నలు దీపములన్నియు ఒక్కసారి ఆరినచో ముందుగా విద్యుత్తు వచ్చు మూలమునే చూతురు. కారు విషయమునను అదే న్యాయము.

పూర్వపు అంబాసిడర్‌లో గేరుబాక్సు నుండి వచ్చు కేబులు స్పీడోమీటరును నడిపెడిది. అది తెగినను స్టీరింగునకు బాధ లేదు. నేటి చిన్న కార్లలో విద్యుత్ మోటారు స్టీరింగు త్రిప్పుటకు సాయపడును. కారు మెల్లగా కదలునపుడు ఎక్కువ సాయము, వేగమున తక్కువ సాయము చేయవలెను గనుక దానికి వేగము తెలియవలెను. ఆ వార్త కొన్ని కార్లలో గేరుబాక్సుపైనున్న స్పీడ్ సెన్సారు నుండియు, మరికొన్నింట చక్రముల సెన్సార్ల నుండియు వచ్చును. వార్త అందనిచో ముల్లు కదలదు. పలు కార్లలో మోటారును సాయము తగ్గించును, లేదా మానుకొనును.

కావున పరీక్ష ఈ వరుసలో సాగవలెను. మొదట టైర్లలో గాలి, మీటరుపై వెలుగు హెచ్చరిక దీపములు చూడుడు. పిదప ఫ్యూజులు చూడుడు. కాలినదాని స్థానమున అదే ఆంపియరు గలది వేయుడు. మరల కాలినచో ఎక్కడనో షార్టు కలదు. తీగ చుట్టి నడుపుట అగ్నిప్రమాదమునకు దారి. ఇంజను నడుచునపుడు బ్యాటరీ వద్ద సుమారు పదమూడున్నర నుండి పద్నాలుగున్నర వోల్టులుండవలెను. ఆపై సెన్సారు కనెక్టరులో నీరు, తుప్పు, ఎలుకలు కొరికిన తీగలు వెదకవలెను. వానకాలమున నీరు నిలిచిన రోడ్లపై తిరిగిన కార్లకిది ముఖ్యము. చివరకు స్కానరు పెట్టించుడు.

స్పీడోమీటరు చక్కగా నడచుచు స్టీరింగు మాత్రమే బరువెక్కినచో దారి వేరు; అప్పుడు స్టీరింగు భాగములనే పరీక్షింపవలెను.

నడుపుచుండగా ఈ లోపము కలిగినచో భయపడవలదు. సాయము పోయినను స్టీరింగునకు చక్రములతో లంకె తెగదు. బలము మాత్రమే ఎక్కువ కావలెను. వేగము తగ్గించి ప్రక్కకు ఆపుడు. బండి కదలుచుండగా తాళము మాత్రము తీయరాదు.

మెకానిక్కు సైతము మనవంటి శ్రామికుడే. లోపము వెదకిన శ్రమకు తగిన కూలి సంతోషముగా ఇత్తము. మార్చిన పాత భాగమును చేతికిమ్మని అడుగుదము. కారణము తేలనిదే క్రొత్త భాగమునకు పైసా చెల్లింపరాదు. కష్టార్జితమును కాపాడుకొనుటయు మన హక్కే.