పోడు భూమి, ఉపగ్రహ చిత్రం, స్త్రీల సాక్ష్యం



పోడు భూమిని కొలవడానికి ఇప్పుడు గొలుసు అక్కర్లేదు. జీపీఎస్ యంత్రమో, సెల్‌ఫోనో పట్టుకుని చేను చుట్టూ నడిస్తే ఆ దారి తెరమీద గీతగా మారుతుంది. ఆ గీతను ఉపగ్రహ చిత్రం మీద పరిచి, 2005 డిసెంబరు 13 నాటికి అక్కడ సాగు ఉందా లేదా అని చూస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం పెట్టిన గడువు తేదీ అది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గూడేల్లో పనిచేసే మనకు ఈ యంత్రమంటే భయమూ వద్దు, భక్తీ వద్దు. అది ఎవరి మాట వింటోంది, ఎవరిని పక్కన పెడుతోంది అన్నదే ప్రశ్న.

ఉపగ్రహం చూపుకు హద్దులున్నాయి. ఆ రోజుల్లో మన దేశంలో విరివిగా వాడిన లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క, నేలమీద ఒక్కో వైపు 23.5 మీటర్లున్న చదరం. ఎకరం చేను అంటే ఏడు చుక్కలు. కోయ కుటుంబాలు చేలో ఇప్ప చెట్లను ఉంచుకుంటాయి. కొంత నేలను కొన్నేళ్లు బీడుగా వదులుతాయి. పైనుంచి చూస్తే అదంతా అడవిలాగే కనబడవచ్చు. ఏ చెట్టు పక్కన ఏ ఏడు జొన్న వేశారో విత్తనం దాచిన, కలుపు తీసిన స్త్రీకి తెలుసు. కానీ నేను చూసిన సర్వేల్లో యంత్రం వెంట నడిచింది ఎక్కువగా ఇంటి మగవాళ్లే.

చట్టం మాత్రం యంత్రానికి పెద్దపీట వేయలేదు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. గట్లు, చదును చేసిన నేల, పాత బావులు, శ్మశానాలు, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం - ఇవన్నీ సాక్ష్యాలే. ఆ పెద్దల్లో ముసలమ్మలూ ఉంటారని మనం గుర్తుచేయాలి. గ్రామసభకు వచ్చినవారిలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలనీ, ఒంటరి స్త్రీ ఇంటి పెద్ద అయితే ఆమె పేరనే ఉండాలనీ సెక్షన్ 4(4) చెబుతోంది.

తెలంగాణలో 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా అందనివారి కోసం మన పని మిగిలే ఉంది. కొలత రోజున స్త్రీలు హద్దుల వెంట నడవాలి. తెరమీది గీతను గ్రామసభలో అందరికీ అర్థమయ్యేలా చదివించుకోవాలి. గట్టునూ బావినీ మనమే ఫొటో తీసి, స్థల గుర్తుతో సహా దరఖాస్తుకు జతచేయాలి. తిరస్కరిస్తే కారణాన్ని రాతలో అడగాలి. సబ్‌డివిజన్ కమిటీ నిర్ణయం మీద 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి వెళ్లాలి. "చిత్రంలో కనబడలేదు" అన్న ఒక్క మాటతో ఏ స్త్రీ దరఖాస్తూ మూతపడకుండా చూడటం మన బాధ్యత.