కమిలిన పండు కథ



పట్టాలు అందుకుంటున్న మీ ముందు బందరులో మాట్లాడమంటే రేవు గురించో వరి గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను పండ్ల పెట్టె గురించి చెబుతాను. దివిసీమ లంకల్లో కోసిన అరటి గెలకు లారీ ఎక్కేటప్పుడు తగిలిన దెబ్బ ఆ పూట కనపడదు. కాయ పచ్చిగా, గట్టిగా ఉంటుంది. ఎక్కడో దూరాన దుకాణంలో మగ్గాక నల్లబడుతుంది. గెల విసిరినవాడు ఆ మచ్చ చూడడు, చూసినవాడికి అది ఎక్కడ పడిందో తెలియదు. నష్టం మాత్రం ధరలో కోతగా రైతు దగ్గరికే వస్తుంది.

దీనికి మందేమిటంటే అందరూ కోల్డ్ స్టోరేజీ అంటారు. చల్లదనం మగ్గడాన్ని ఆలస్యం చేస్తుందే గాని కమిలినచోటును మాన్పదు. పైగా అరటిని 13 డిగ్రీలకన్నా తక్కువలో పెడితే తొక్క బూడిదరంగు తిరిగి, సరిగా పండదు. నన్నడిగితే ముందు పెట్టె సంగతి చూడాలి.

ట్రేను పొంగేలా నింపి పైన ఇంకోటి పెడితే బరువంతా పండ్ల మీదే. వెలితిగా నింపితే గుంతల రోడ్డులో ఎగిరెగిరి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ కుదుపు పై వరస పెట్టెలకూ, లారీ వెనక భాగంలో ఉన్నవాటికీ ఎక్కువ. 1960లలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికో ఉపాయం చూపారు: పండ్లను పెట్టెలో పోసి, కాసేపు మెల్లగా కుదిపి సర్దుకోనిచ్చి, పైన మెత్తటి పొర వేసి మూత బిగించడం. నూజివీడు మామిడికి మనవాళ్లు వరిగడ్డి కూరేదీ పండు కదలకూడదనే. అట్టపెట్టెకు మారితే మన తీరపు గాలి ఇంకో చిక్కు. తేమ బాగా పట్టిన అట్ట సగం దాకా బలం పోగొట్టుకోవచ్చు. బలంలో ఎక్కువ పాలు మూలల్లో ఉంటుంది కాబట్టి, మూల మీద మూల రాకుండా పేర్చినా కుంగుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న నాసిక్‌లో నిలబడింది కదా అని అదే పెట్టెను అవనిగడ్డకు కొనకండి.

ఇక మనుషుల సంగతి. మామిడిని తొడిమతో కోయాలని, సొన కాయ మీద కారకుండా బోర్లించి ఆరనివ్వాలని కోత కూలీలకు మనం నేర్పనక్కర్లేదు. కానీ పెట్టెకింత అని కూలి కట్టేచోట నెమ్మదిగా దించినవాడికి ఆ రోజు కూలి తగ్గుతుంది. ఇది మీ సిలబస్‌లో లేదు, ఉండాల్సింది. రేపు గుడివాడలో ఓ పండ్ల వ్యాపారి మిమ్మల్ని సలహా అడిగితే, సరుకు దించేటప్పుడు లారీ పక్కన నిలబడి ఏ వరస పెట్టెలో ఎన్ని కమిలాయో రాసుకోండి. మెల్లగా దించడానికి పెట్టెకు రూపాయో రెండో ఎక్కువిస్తే ఆయనకు ఎంత మిగులుతుందో లెక్క వేసి చూపించండి. కోల్డ్ స్టోరేజీ మాట ఆ తరవాత ఎత్తవచ్చు.