భారతమును చూచు విధము



సంగీతమును ఎట్లు వినవలెనో, చిత్రమును ఎట్లు చూడవలెనో బోధించు గ్రంథములకు మనకు కొదువ లేదు గాని, మన ఊళ్ళ నడివీధులలో తెల్లవార్లు జరుగు వీధినాటకమును ఎట్లు చూడవలెనో, అందులో దేనికి చెవి యొగ్గవలెనో, ఏ ఘట్టమునకై నిద్ర నాపుకొనవలెనో చెప్పువారు మిక్కిలి అరుదు. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి, నైరృతి భాగములందలి మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్ళను, వాని చుట్టుపట్ల పల్లెలను ఆధారముగా గొని, ఆ ప్రాంతమువారు క్లుప్తముగా 'భారతము' అని పిలుచు మహానాటకమును ఆస్వాదించు మార్గమును నాకు తెలిసినంతవరకు ఈ సాయంకాలము మీకు విన్నవింతును.

నాకు తోచిన మార్గ మిది: రాత్రి నాటకమును చూడదలచినవారు ఆ ఉదయమే ఆ ఊరి సంతకు పోవలెను, మధ్యాహ్నము ఆ ఊరి అన్నము తినవలెను. వీధినాటకమున కిరీటము ధరించువాడు పరంపరగా వచ్చిన మేళమువాడు కావచ్చును, సేద్యగాడు కావచ్చును, మగ్గమునొద్ద కూర్చుండు నేతగాడు కావచ్చును. ఎవడైనను ఆ సీమ మాట మాటలాడి, ఆ సీమ ముద్ద తిని, ఆ ఊరివారి చందాలతో గజ్జె కట్టినవాడే. అతని పలుకులోని బిగువును, హాస్యగాని చతురోక్తిలోని పదునును గ్రహించుటకు ఆ ఊరి అంగడివీధిని మించిన పాఠశాల లేదు. భరతముని సైతము నాట్యశాస్త్రపు ఆరవ అధ్యాయమున రసనిష్పత్తిని వివరింపబూని, నానావిధ వ్యంజనములతో సంస్కరింపబడిన అన్నమును భుజించు సహృదయుల ఆనందమునే దృష్టాంతముగా గ్రహించెను. కావున భోజనమునుండి నాటకమునకు పోవు త్రోవ మన పూర్వులు నడచిన త్రోవయే.

మొదట మదనపల్లెకు పోవుదము. టమాటా మార్కెట్టు వలన ఈ ఊరి పేరు దేశమంతట వినబడుచున్నది. దక్షిణదేశపు పెద్ద టమాటా విపణులలో ఇది యొకటి. ఆ విపణి గల నీరుగట్టువారిపల్లె చేరి, మండీల ముందర వరుసలుగా పేర్చిన పెట్టెల నడుమ నిలువబడినచో, వేలము పాడువాడు ఒక్క ఊపిరిలో ధరను పెంచుచు, కొనువారి కనుసన్నలను కనిపెట్టుచు, వందలమంది అలజడిమీదుగా తన గొంతును చివరివానికి వినిపించు నేర్పు కన్నులార చూడవచ్చును. ఆ గొంతును మనస్సున ఉంచుకొనుడు. మైకులు రాక పూర్వము వీధినాటకపు నటునికి కావలసిన తొలిగుణ మదియే. ఆ నీరుగట్టువారిపల్లెలోనే పట్టుచీరలు నేయు మగ్గములును కలవు. ఒకే పేటలో పంట, నేత, వ్యాపారము కలసిమెలసి యుండుట ఈ ఊరి లక్షణము. విపణినుండి మరలునపుడు చిన్న టిఫిను అంగడిలో వేడి దోసెయు, శెనక్కాయల చట్నీయు తిని బయలుదేరినచో, ఆ చట్నీలోని కారమే ఈ సీమ వంటయొక్క పీఠిక.

నాటకమును ప్రేమించువారు ఈ ఊరిలో స్మరింపదగిన మరియొక విషయము కలదు. 1902లో డబ్లిను నగరమున ఐర్లండు జాతీయ నాటకోద్యమము తలయెత్తుచున్న తొలిదినములలో ఆ రంగస్థలమునకై నాటకములు రచించిన జేమ్స్ కజిన్స్ కవి, 1915లో భారతదేశమునకు వచ్చి, తరువాత మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడై, తుదకు 1956లో ఈ ఊరిలోనే తనువు చాలించెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆయన అతిథిగా వచ్చి, జనగణమన గీతమును ఇక్కడనే ఆంగ్లమున అనువదించెను. కజిన్స్ సతీమణి మార్గరెట్ దానికి స్వరమును కూర్చుటలో తోడ్పడెను. ఐర్లండు నాటకకర్తలు తమ పల్లెల పురాతన గాథలను రంగస్థలమునకు ఎక్కించుటకు ఒక ఉద్యమమునే నడపవలసివచ్చినది. మదనపల్లె చుట్టుపట్ల మాత్రము పల్లెజనులు తమ గాథను ఏనాడును విడిచిపెట్టినవారు కారు. ఈ సత్యమును గుర్తించినవానికి వీధినాటకముపై చులకన భావ ముండదు.

మధ్యాహ్నమునకు పుంగనూరు చేరుదము. పొట్టివై, వెన్న అధికముగా గల పాలిచ్చు ఆవులకు ఈ ఊరు పేరుగాంచినది. జమీందారుల కులదేవతయైన సుగుటూరు గంగమ్మ జాతర కొరకు వేలకొలది జనము ఇచ్చట కూడుదురు. ఇచ్చటి భోజన హోటలులో మీరడుగవలసినది రాగిసంగటి. ఎసటిలో బియ్యపు నూకలు మెత్తగా ఉడికిన పిమ్మట రాగిపిండి పోసి, వెంటనే కలుపక మూతపెట్టి మగ్గనిచ్చి, అటుపై కుండను కదలకుండ అదిమిపట్టి తెడ్డుతో గెలికి, తడిచేతితో ముద్ద కట్టి వడ్డింతురు. వేయించిన శెనగవిత్తులు, ఎండుమిరపకాయలు, చింతపండు చేర్చి రోట నూరిన ఊరిబిండి గాని, నాటుకోడి పులుసు గాని దానికి తోడు. సంగటిని నమలరాదు, చిన్న తునుక త్రుంచి, పులుసులో ముంచి మ్రింగవలెను. ధనుర్మాసమున పోవువారు పితికిపప్పును మరువరాదు. అనపగింజలను రాత్రియంతయు నానబెట్టి, తెల్లవారిన పిమ్మట ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఒక్కొక్క గింజను బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పితికి, పొట్టునుండి పప్పును వెలికి దీసి పులుసు పెట్టుదురు. తినుటకు పట్టు కాలము స్వల్పము. పితుకుటకు పట్టిన కాలము దీర్ఘము. నెలలపాటు గురువునెదుట దరువులు వల్లించి ఒక్క రాత్రి ఆడు నటుని శ్రమను కొలుచుటకు ఈ ఓపిక తెలిసిన మనస్సు కావలెను.

ఇక కుప్పము చేరుదము. ఇది మూడు రాష్ట్రముల కూడలి. ఒక ప్రక్క తమిళదేశము, మరియొక ప్రక్క కన్నడదేశము, నడుమ మన తెలుగు. చెన్నై బెంగుళూరుల నడుమ పోవు రైలుమార్గ మీ ఊరిని తాకుచు పోవును. ద్రావిడ విశ్వవిద్యాలయమును 1997లో ఈ ఊరనే నెలకొల్పుట మిక్కిలి సముచితము. అంగడిలో బేరమొక భాషలో మొదలై మరియొక భాషలో ముగియుట ఇచ్చట నిత్యానుభవము. నాటకమున ఈ సాంగత్యము మరింత స్పష్టముగా గోచరించును. తమిళుల తెరుక్కూత్తు, మన వీధినాటకము, కోలారు వైపు పల్లెలలో ఆడు తెలుగు నాటకములు ఈ ఎల్లలలో ఒకదానినుండి యొకటి వేషమును, తాళమును, హాస్యమును అరువు తెచ్చుకొని పుష్టినొందినవి. మే నెలలో ఈ కుప్పముననే జరుగు తిరుపతి గంగమ్మ జాతరకు మూడు భాషలవారును వచ్చి మ్రొక్కుదురు.

ఇక భారతమును గూర్చి చెప్పుదును. ఈ సీమలో ధర్మరాజు గుడులు, ద్రౌపదీదేవి గుడులు అనేకములు. పైరుపనులు తీరిక యిచ్చు దినములలో, ముఖ్యముగా వేసవిలో, ఈ గుడులయొద్ద భారత మహోత్సవమును జరుపుదురు. పదునెనిమిది పర్వములకు తగినట్లు పదునెనిమిది దినములు జరుపుట పరిపాటి. మధ్యాహ్నము భాగవతారు మహాభారతమును హరికథగా చెప్పును. పగలు చెవితో విన్న కథ రాత్రి కంటికి నాటకమై కనబడును. లక్కయింటి దహనము, బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణము, రాజసూయము, వస్త్రాపహరణము, అర్జున తపస్సు, కీచక వధ, ఉత్తర గోగ్రహణము, కృష్ణరాయబారము, అభిమన్యు వధ, కర్ణ మోక్షము, కట్టకడపట దుర్యోధన వధ, ఈ క్రమమున కథ సాగును. కావున పగటి హరికథను విననివాడు రాత్రి నాటకమును సగమే చూచినవాడు.

వీనిలో భోజనమునకును నాటకమునకును ఎల్ల చెరపివేయు ఘట్టము బకాసుర వధ. ఏకచక్రపురమువారు వంతుల ప్రకారము రాక్షసునికి బండెడు అన్నము పంపుచుండిన కథ మీకు విదితమే. భీమవేషధారి అలంకరించిన బండిపై ఎక్కి ఊరి వీధులన్నియు తిరుగును. బండిపై అన్నపురాశి, పిండివంటలు. ఇల్లాండ్రు గడపదాటి వచ్చి తమ ఇంట వండినది అందింతురు. భీముడు గంభీరముగా తినుచు, గద ఎత్తి పిల్లలను అదల్చుచు, ముందునకు సాగును. ఆ సమయమున ప్రేక్షకుడెవడు, పాత్రధారి యెవడు? ఊరంతయు ఏకచక్రపురమైనది, ప్రతి వంటిల్లును నాటకమునకు సామగ్రి సమకూర్చినది. నాటకశాలలో టిక్కెట్టు కొని కూర్చుండువానికి లభింపని అనుభూతి ఇది. దీనిని చూడగోరువారు రంగస్థలమునొద్ద కాచుకొనియుండక, వీధిలో ఏదేని యింటి అరుగుమీద నిలువవలెను.

రాత్రి ఆటలో గమనింపవలసినవి నాలుగు. మొదటిది పాత్రప్రవేశము. ఇద్దరు పట్టుకొనిన తెర వెనుక గజ్జెలు మ్రోగును. భుజకీర్తుల అంచు, కిరీటపు అద్దములు తళుక్కుమనును. తెర తొలగకమునుపే నటుడు తన పాత్ర తేజస్సును ప్రేక్షకుల మనస్సున నిలుపవలెను. తొందరపడి తెర త్రోసికొని వచ్చువాడు సామాన్యుడు. తెరచాటున కాలము గడిపి ఆశను పెంచువాడు ప్రవీణుడు. రెండవది దరువు. హార్మోనియము శ్రుతిని నిలుపుచుండ, మద్దెలయు తాళములును గతిని నడుపుచుండ, నటుడొక చరణము పాడి అడుగు వేయగా వెనుకనున్న వంతవారు దాని నందుకొందురు. పాటకును అడుగునకును నడుమ వెంట్రుకవాసి యెడము లేకుండుటయే మేళపు మేలిమి. మూడవది వచనము. పద్యమును రాగముతో నిలుపుట కన్న, ఆ వెంటనే వచ్చు వచనమును ఊరిభాషలో, ఊపిరి తెగక, భావము చెడక నడుపుట కష్టతరము. మంచి మేళమును గుర్తించుటకు ఇది నిక్కమైన పరీక్ష. నాలుగవది హాస్యగాడు. అతడు రాజును ప్రశ్నించును, ప్రేక్షకుల పక్షమున మాటలాడును, కథలో లేని నేటి ధరలను, నేటి కష్టములను కొలువులోనికి తెచ్చును. ఉదయము సంతలో తిరిగినవానికి అతని ప్రతి విసురును తగులును. తిరుగనివాడు ప్రక్కవారు నవ్వుట చూచి నవ్వవలసినదే.

అర్జున తపస్సునాడు మాత్రము ఎంత నిద్ర వచ్చినను లేవరాదు. మిక్కిలి ఎత్తైన మ్రానును నాటి, దానికి మెట్లు కూర్చి, కొనయందు పీఠ మమర్తురు. దీనిని తపస్సుమాను అందురు. పాశుపతాస్త్రమునకై తపస్సుచేయు అర్జునుడు మెట్టు మెట్టుకును పద్యము పాడుచు ఎక్కును. క్రింద సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో సాగిలపడి వరము పట్టుదురు. పైనుండి అర్జునుడు నిమ్మపండ్లు, విభూతి, పుష్పములు విసరును. అందుకొనినవారు కొంగున ముడివేసికొందురు. నటుని కంఠము అలసటతో గద్గదమగుటయు ఆ తపస్సులోని భాగమే. అది దోషమని ఎంచువారు ఆ ఘట్టపు మర్మమును గ్రహింపనివారు. చివరిదినమున మైదానమున మట్టితో వెల్లకిల పరుండబెట్టిన దుర్యోధనుని మహావిగ్రహము చుట్టును, దానిమీదను భీమదుర్యోధనులు పోరాడుదురు. తొడ భగ్నము కాగానే ద్రౌపది కురులు ముడువబడును. ఆ సాయంకాలము అగ్నిగుండ ప్రవేశము, తరువాత ధర్మరాజు పట్టాభిషేకము. కథ ముగియువేళకు అది నాటకమా, పూజయా అను ప్రశ్న అడుగవలసిన అవసరము ఎవ్వరికిని తోచదు.

కొన్ని లోకజ్ఞానపు మాటలు. చాప, దుప్పటి వెంట తీసికొనిపొండు; వేసవియైనను మదనపల్లె మిట్టలలో వేకువ చలి వేయును. నిప్పట్లు, మనుగుబూలు, బొరుగులు అమ్మువారు ఆటస్థలము చుట్టునే ఉందురు. ఆకలికి కొదువ లేదు. ముందువరుసలో పిల్లలనడుమ కూర్చుండుడు; అచట వేషపు రంగులును, కాలి అడుగులును, కన్నుల కదలికలును స్పష్టముగా కనబడును. అర్ధరాత్రమున లేచి పోవలదు. వీధినాటకము రెండవజాము దాటిన పిమ్మట గాని తన సంపూర్ణబలమును చూపదు. నచ్చిన నటునికి చదివింపు ఇచ్చుట మరువవలదు. మీ పేరును, మీ ఊరి పేరును మేళమువారు బిగ్గరగా చదువుదురు. అది దానము కాదు, ప్రేక్షకుడు చెల్లించు గౌరవము.

గజ్జె కట్టి దరువు నేర్పగల గురువులు వయసు మీరినవారగుచున్నారు. నేర్చుకొనవలసిన యువకులు చదువులకును ఉద్యోగములకును పట్టణములకు తరలిపోవుచున్నారు. ప్రదర్శనశాలలో భద్రపరచుటచే ఈ కళ నిలువదు, చూచువారుండుటచేతనే నిలుచును. కావున ఈ వేసవిలో మీ ఊరికి సమీపమున భారతము జరుగుచున్నదని వినినంతనే, పిల్లలను వెంటబెట్టుకొని, పగలే బయలుదేరి, హరికథ విని, ఆ ఊరి అన్నము తిని, తెల్లవారువరకు కూర్చుండి చూచి రండని మిమ్ములను మనసార వేడుకొనుచున్నాను.