ఒక ఊరి కథ: పని మానుకున్న ఇల్లు

బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ 1977 నాటి చిత్రం. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను తెలంగాణ పల్లెకు మార్చిన ఈ చిత్రం, తారాబలాన్నీ పాటల హంగునూ పక్కనపెట్టి నిత్యజీవితాన్ని ఉన్నదున్నట్టు చూపే సమాంతర సినిమా కోవలోనిది. కూలివాడి చెమట దొరనే బలిపిస్తుందని నమ్మిన వెంకయ్య, కొడుకు కిష్టయ్యతో కలిసి పని మానుకుని, చిల్లర దొంగతనాలతో, అర్ధాకలితో రోజులు నెట్టుకొస్తాడు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నీలమ్మ తన రెక్కల కష్టంతో సంసారాన్ని నిలబెట్టబోయి, చివరకు పురిటినొప్పులతో, వైద్యం అందక ప్రాణం విడుస్తుంది.

మూలకథ మొదలయ్యేసరికే కోడలు మరణయాతనలో ఉంటుంది, ఆమె మూలుగు తప్ప మాట వినిపించదు. మృణాల్ సేన్ ఆమె పెళ్లి నుంచే కథ నడిపి, మమతా శంకర్ నటన ద్వారా ఆమెకు మాటనూ కోపాన్నీ ఇవ్వడం చిత్రంలోని అసలు బలం. వెంకయ్య వాదంలో దోపిడీని, అంటే ఒకరి శ్రమఫలం మరొకరు కాజేయడాన్ని, ఎండగట్టే సత్యం ఉన్నా, ఆ తిరుగుబాటు భారం మోసింది మాత్రం ఇంటి ఆడమనిషే. వెంకయ్యగా వాసుదేవరావు, కిష్టయ్యగా నారాయణరావు నటించారు. వ్యవసాయ కూలీల బతుకు దగ్గరగా తెలిసినవారు తప్పక చూడవలసిన ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది.